గార్నాచో లెక్క: ఓడిపోతున్న క్లబ్ తను పెంచిన కుర్రాణ్ణే ఎందుకు అమ్ముకుంటుంది?

2025 మే 21, స్పెయిన్‌లోని బిల్బావో. యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ యూరోపా లీగ్ ఫైనల్. మన టైమ్‌కి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది కాబట్టి, మన దగ్గర చూసినవాళ్ళంతా మర్నాడు ఎర్రబడ్డ కళ్ళతోనే పనికి వెళ్ళి ఉంటారు. 42వ నిమిషంలో టోటెన్‌హమ్ ఆటగాడు బ్రెనన్ జాన్సన్ కాలికీ, మాంచెస్టర్ యునైటెడ్ డిఫెండర్ ఒంటికీ తగిలీ తగలనట్టు తగిలి బంతి గోల్‌లోకి దొర్లింది. 71వ నిమిషంలో యునైటెడ్ మేసన్ మౌంట్‌ని బయటికి పిలిచి, 20 ఏళ్ళ అలెహాండ్రో గార్నాచోని లోపలికి పంపింది. స్కోరు మాత్రం మారలేదు. 1-0తో కప్పు టోటెన్‌హమ్‌ది.

ఈ మూడు పేర్లూ ఒకసారి గుర్తుపెట్టుకోండి. జాన్సన్ నాటింగ్‌హమ్ ఫారెస్ట్ క్లబ్ అకాడమీలో (పిల్లల్ని చేర్చుకుని ఆటగాళ్ళుగా తయారుచేసే చోటు) పెరిగాడు. మౌంట్ చెల్సీ అకాడమీ పిల్లాడు. గార్నాచో యునైటెడ్ అకాడమీ నుంచి వచ్చాడు. ముగ్గురినీ పెంచిన క్లబ్బులే అమ్మేసుకున్నాయి. మొదటి ఇద్దరినీ 2023లోనే అమ్మాయి. మూడోవాడు బిల్బావో తర్వాత మూడు నెలలకు 4 కోట్ల పౌండ్లకు, అంటే మన లెక్కలో దాదాపు 470 కోట్ల రూపాయలకు, చెల్సీకి వెళ్ళాడు.

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో పదిహేనో స్థానంలో పడి, గోల్స్ కోసం మొహం వాచిపోయిన జట్టు, ఆ సీజన్లో అన్ని పోటీల్లో కలిపి 11 గోల్స్ కొట్టిన కుర్రాణ్ణి ఎందుకు వదులుకుంది? ‘కోచ్‌కి పడలేదు’ అని కొందరు, ‘డబ్బు కోసం’ అని కొందరు తేల్చేస్తారు. రెండూ కొంతవరకు నిజమే. కానీ రెండింటి మధ్యలో ఒక పద్దుల పుస్తకం ఉంది. అది తెరిస్తే గానీ ఈ కథ అర్థం కాదు.

## ఎంత ఘోరంగా ఆడారు?

2024-25 ప్రీమియర్ లీగ్‌లో యునైటెడ్ 38 మ్యాచ్‌ల్లో 11 గెలిచింది, 9 డ్రా చేసుకుంది, 18 ఓడింది. 42 పాయింట్లు. కొట్టినవి 44 గోల్స్, తిన్నవి 54. సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 9 ఓటములు. 1973-74లో కింది డివిజన్‌కి జారిపోయాక ఇంత హీనమైన సీజన్ ఈ క్లబ్ చూడలేదు.

అక్టోబర్ 28న కోచ్ ఎరిక్ టెన్ హాగ్‌ని తీసేశారు. అప్పటికి జట్టుది 14వ స్థానం. నవంబర్‌లో పోర్చుగల్ నుంచి రూబెన్ అమోరిమ్ వచ్చాడు. వచ్చాక మెరుగుపడిందా అంటే, ఆయన చేతి కింద లీగ్‌లో 27 మ్యాచ్‌లకి 27 పాయింట్లు. ప్రధాన స్ట్రైకర్ రాస్మస్ హోయ్లండ్ లీగ్ మొత్తం మీద కొట్టినవి నాలుగంటే నాలుగు గోల్స్.

బిల్బావోలో గెలిచి ఉంటే లీగ్‌లో ఏ స్థానంలో ఉన్నా, యూరప్ క్లబ్బులకి అన్నిటికంటే పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కి టికెట్ దొరికేది. ఓడిపోవడంతో మరుసటి ఏడాది యూరప్ పోటీలే లేవు. టీవీ వాటా పోయింది, టికెట్ల ఆదాయం పోయింది, జెర్సీల కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఛాంపియన్స్ లీగ్ ఆడని ఏడాదికి కోటి పౌండ్ల కోత కూడా ఉంది. అంటే ఆ ఒక్క రాత్రి ఓటమి నేరుగా ఖజానాకే తగిలింది.

## గూడిసన్ పార్క్ గోల్

గార్నాచో 2004లో మాడ్రిడ్‌లో పుట్టాడు. తల్లిది అర్జెంటీనా కాబట్టి ఆడేది ఆ దేశానికి. 2020లో అట్లెటికో మాడ్రిడ్ పిల్లల జట్టు నుంచి యునైటెడ్ అకాడమీకి వచ్చాడు. అప్పుడు కట్టిన మొత్తం సుమారు 4.2 లక్షల పౌండ్లని చెబుతారు. ఈ అంకెతో తర్వాత పని ఉంది. 2022లో క్లబ్ ఎఫ్ఏ యూత్ కప్ గెలిచిన జట్టులో వాడే హీరో. 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద మొదటి గోల్ వాడిది, రెండోది మరో అకాడమీ కుర్రాడు కోబీ మైనూది. ఇద్దరికీ ఇరవై ఏళ్ళు నిండలేదు.

అయితే ఎక్కువమందికి గుర్తుండేది 2023 నవంబర్ 26. ఎవర్టన్ మైదానం గూడిసన్ పార్క్. ఆట మొదలై మూడో నిమిషం. కుడివైపు నుంచి వచ్చిన క్రాస్ గార్నాచో వెనక్కి పడేలా ఉంది. వాడు రెండడుగులు వెనక్కి వేసి, గాల్లోకి లేచి, వీపు నేలకి సమాంతరంగా ఉండగా కుడికాలితో తలమీదుగా కొట్టాడు. బంతి గోల్ పై మూలకి పోయింది. ఏడాదిలో అందమైన గోల్‌కి ఇచ్చే ఫిఫా పుష్కాష్ అవార్డు దానికే వచ్చింది.

ఆ రోజు స్టేడియంలో ఇంకో దృశ్యం కూడా ఉంది. ఎవర్టన్ అభిమానులు వేల సంఖ్యలో గులాబీరంగు కార్డులు పట్టుకుని ప్రీమియర్ లీగ్ మీద నిరసన తెలుపుతున్నారు. తొమ్మిది రోజుల ముందే ఆ క్లబ్‌కి 10 పాయింట్ల కోత పడింది (అప్పీలు తర్వాత 6కి తగ్గింది). కారణం మ్యాచ్ ఫిక్సింగూ కాదు, మైదానంలో గొడవా కాదు. లెక్కల్లో నష్టం పరిమితి దాటడం. గార్నాచోని ఆకాశానికెత్తిన మ్యాచ్ చుట్టూ, రెండేళ్ళ తర్వాత వాణ్ణి అమ్మడం సులువు చేసిన రూల్ మీదే గొడవ జరుగుతోంది.

## పీఎస్ఆర్ అంటే ఏమిటి?

పీఎస్ఆర్ అంటే ప్రాఫిటబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రూల్స్. తేలిక మాటల్లో: 2025-26 సీజన్ దాకా ఉన్న రూల్ ప్రకారం ప్రీమియర్ లీగ్ క్లబ్ మూడేళ్ళ కాలంలో మొత్తం 10.5 కోట్ల పౌండ్లకి మించి నష్టపోకూడదు. అందులో కూడా చాలా భాగం యజమాని తన జేబులోంచి పూడ్చాలి. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లని తేలింది. 1.95 కోట్లు ఎక్కువైనందుకు ఆ శిక్ష.

అన్ని ఖర్చులూ ఇందులోకి రావు. అకాడమీ, మహిళల జట్టు, స్టేడియం నిర్మాణం వంటివి తీసేసి లెక్క కడతారు. అందుకే యునైటెడ్ కంపెనీ పద్దుల్లో 2021-22 నుంచి మూడేళ్ళకి 11.55, 2.87, 11.32 కోట్ల పౌండ్ల నష్టాలు కనిపిస్తున్నా, కూడితే 25 కోట్లు దాటుతున్నా, లీగ్ దాని మీద కేసు పెట్టలేదు. మినహాయింపులు పోగా క్లబ్ గీతకి లోపలే ఉంది. లోపల ఉందంటే హాయిగా ఉందని కాదు. 2024లో వాటా కొన్న జిమ్ ర్యాట్‌క్లిఫ్ బృందం వందల మంది ఉద్యోగుల్ని తీసేసింది.

ఇక్కడే చాలామంది తికమకపడే చోటు వస్తుంది. ఆటగాణ్ణి కొన్నప్పుడు ఆ డబ్బంతా ఆ ఏడాదే ఖర్చుగా రాయరు. ఒప్పందం ఎన్నేళ్ళయితే అన్నేళ్ళకి పంచి రాస్తారు. దీన్నే అమోర్టైజేషన్ అంటారు. అమ్మినప్పుడు మాత్రం, ఇంకా రాయకుండా మిగిలిన విలువ పోగా వచ్చిన లాభమంతా ఆ ఏడాది ఖాతాలోనే ఒక్కసారిగా పడుతుంది. కొనడం వాయిదాల్లో, అమ్మడం ఏకమొత్తంగా. చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందన్నది వేరే సంగతి. అసలు డబ్బు మూడు నాలుగు కిస్తీల్లో రావచ్చు, పుస్తకంలో మాత్రం ఈ పద్ధతే.

## హోయ్లండ్‌ని అమ్మితే సున్నా, గార్నాచోని అమ్మితే నాలుగు కోట్లు

హోయ్లండ్‌ని 2023లో అటలాంటా నుంచి 6.4 కోట్ల పౌండ్లకి కొన్నారు (బోనస్‌లు వదిలేద్దాం). అయిదేళ్ళ ఒప్పందం. ఏడాదికి 1.28 కోట్ల ఖర్చు. రెండేళ్ళు గడిచేసరికి 2.56 కోట్లు రాసేశారు, పుస్తకంలో ఇంకా 3.84 కోట్లు ఉంది. 2025 వేసవిలో వాణ్ణి 3.84 కోట్లకి అమ్మితే లాభం సున్నా. అంతకంటే తక్కువకి అమ్మితే నష్టం. క్లబ్ వాణ్ణి నాపోలికి అద్దెకి పంపి, ఆ జట్టు ఛాంపియన్స్ లీగ్‌కి అర్హత సాధిస్తే 4.4 కోట్ల యూరోలకి కొనాలని షరతు పెట్టినట్టు వార్తలొచ్చాయి. పౌండ్లలోకి మారిస్తే అది దాదాపు 3.8 కోట్లు. నష్టం పడకుండా ఉండే అంకెకి అంత దగ్గరగా వచ్చిందంటే, కాకతాళీయం అని నేనైతే అనుకోను.

ఇప్పుడు గార్నాచో. కొన్నది 4.2 లక్షలకి. అయిదేళ్ళలో అది దాదాపు కరిగిపోయింది. పుస్తకంలో వాడి విలువ సున్నాకి దగ్గర. 4 కోట్లకి అమ్మితే ఇంచుమించు 4 కోట్లూ లాభమే. దీన్నే ఇంగ్లండ్‌లో ‘ప్యూర్ ప్రాఫిట్’ అంటున్నారు.

మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే, తాత వందల్లో కొన్న ఎకరం దస్తావేజు మీద ఇంకా ఆ వందలే ఉంటాయి. అది అమ్మితే వచ్చిందంతా లాభంలా కనిపిస్తుంది. నిరుడు కొన్న కారు అమ్మితే చేతికి డబ్బొస్తుంది గానీ లాభం ఉండదు. అవసరం ముంచుకొచ్చినప్పుడు ఇంటాయన చూపు ఏ వైపు పోతుందో వేరే చెప్పాలా?

ఇంకో మెట్టు ఎక్కుదాం. అదే వేసవిలో యునైటెడ్ కొన్న ముగ్గురు ఫార్వర్డ్‌లు: వుల్వ్స్ నుంచి మాథ్యూస్ కున్యా 6.25 కోట్లు, బ్రెంట్‌ఫర్డ్ నుంచి బ్రయాన్ ఎంబ్యూమో 6.5 కోట్లు, లైప్‌జిగ్ నుంచి బెంజమిన్ షెష్కో 6.63 కోట్లు. బోనస్‌లు కాకుండా మొత్తం 19.38 కోట్ల పౌండ్లు. ముగ్గురివీ అయిదేళ్ళ ఒప్పందాలు. అంటే పుస్తకంలో ఏడాదికి దాదాపు 3.9 కోట్లు. గార్నాచో అమ్మకం లాభం 4 కోట్లు! ఒక్క కుర్రాడు పోతే, ఇరవై కోట్ల కొనుగోళ్ళ మొదటి ఏడాది పద్దు (జీతాలు కాకుండా) మూసుకుపోయింది.

రెండో ఏడాది ఆ 3.9 కోట్లు మళ్ళీ వచ్చి తలుపు తడతాయి. అప్పటికి అమ్మడానికి గార్నాచో ఉండడు. ఇంకో అకాడమీ కుర్రాణ్ణి వెతకాలి, లేదా ఆట బాగుపడి ఆదాయం పెరగాలి. ఈ చక్రంలో పడ్డ క్లబ్ బయటపడేది మైదానంలో గెలిస్తేనే.

## మరి చెల్సీకి ఏం లాభం?

చెల్సీ ఏడేళ్ళ ఒప్పందం ఇచ్చింది, 2032 వరకు. ఒకప్పుడు ఇలాంటి పొడవాటి ఒప్పందాలతో ఏటా పడే ఖర్చుని పల్చన చేసేవాళ్ళు. 2023 నుంచి ఎన్నేళ్ళ ఒప్పందమైనా అయిదేళ్ళకి మించి పంచి రాయకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫాతో పాటు ప్రీమియర్ లీగ్ కూడా కట్టడి చేసింది. కాబట్టి చెల్సీ పుస్తకంలో గార్నాచో ఏడాదికి 80 లక్షల పౌండ్ల ఖర్చు. అమ్మినవాడికి ఇవాళే 4 కోట్ల లాభం, కొన్నవాడికి ఏటా 80 లక్షల ఖర్చు. ఇద్దరూ నవ్వుతూ సంతకం పెట్టగల బేరం.

ఇది చెల్సీకి పాత విద్యే. 2023లో తమ అకాడమీ పిల్లాడు మౌంట్‌ని 5.5 కోట్లకి (బోనస్‌లు వేరు) అమ్మింది. ఎవరికి? యునైటెడ్‌కే. బిల్బావోలో గార్నాచోని బెంచ్ మీద కూర్చోబెట్టి ఆడించిన మౌంట్ అతనే.

జాన్సన్ కథ ఇంకా విచిత్రం. 2022-23 లెక్కల గడువు జూన్ 30. ఆలోగా జాన్సన్‌ని అమ్మి ఉంటే నాటింగ్‌హమ్ ఫారెస్ట్ చిక్కుల్లో పడేది కాదు. మంచి రేటు కోసం ఆగి, సెప్టెంబర్ 1న టోటెన్‌హమ్‌కి 4.75 కోట్లకి అమ్మింది. ఆగినందుకు ఎక్కువ డబ్బు వచ్చిందని, అది మంచి వ్యాపారమే కదా అని విచారణలో వాదించింది. కమిషన్ ఒప్పుకోలేదు. 4 పాయింట్లు కోత పెట్టింది. ఎక్కువ ధర తెచ్చుకున్నా గడువు దాటితే తప్పే.

## కోచ్ వైపు నుంచి చూస్తే

పద్దులు అమ్మకాన్ని సులువు చేశాయి గానీ, కథ అక్కడ మొదలవలేదు. మైదానంలో మొదలైంది.

గార్నాచో లెఫ్ట్ వింగర్. గీత పక్కనే నిలబడి, బంతి అందుకుని, ఎదుటి డిఫెండర్ మీదికి దూసుకుపోయి, కుడికాలి మీదికి తెచ్చుకుని షాట్ కొట్టడం వాడి ఆట. అమోరిమ్‌ది 3-4-2-1 పద్ధతి. వెనక ముగ్గురు డిఫెండర్లు. గీత పక్కన పరిగెత్తే పని వింగ్‌బ్యాక్‌లది. స్ట్రైకర్ వెనక ఇద్దరు ఉంటారు గానీ వాళ్ళు మైదానం మధ్యలో, ఇరుకు సందుల్లో, గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకోవాలి. అంటే గార్నాచో నిలబడే చోటే ఈ పటంలో లేదు. అమాద్ డియాలో లాంటివాళ్ళు సర్దుకున్నారు. గార్నాచోకి అది పూర్తిగా ఒంటబట్టలేదు.

క్రమశిక్షణ మాట కూడా ఉంది. 2024 డిసెంబర్ 15న అదే ఊరి ప్రత్యర్థి సిటీతో ఆడిన మ్యాచ్‌కి (దీన్నే డెర్బీ అంటారు) గార్నాచోనీ, మరో ఫార్వర్డ్ మార్కస్ రాష్‌ఫర్డ్‌నీ అమోరిమ్ జట్టులోకే తీసుకోలేదు. ట్రైనింగ్ ఎలా చేస్తున్నారు, తిండీ బట్టా ఎలా ఉన్నాయి, తోటివాళ్ళతో ఎలా మసలుతున్నారు, అన్నీ చూస్తానన్నాడు. ఆ మ్యాచ్ యునైటెడ్ 2-1తో గెలిచింది. గార్నాచో మళ్ళీ జట్టులోకొచ్చాడు, రాష్‌ఫర్డ్ రాలేదు. బిల్బావో రాత్రి మాత్రం గార్నాచో, ఫైనల్ దాకా తెచ్చి తనను ఇరవై నిమిషాలే ఆడించారని బాహాటంగానే అసహనం చూపించాడు. కొద్దిరోజుల్లోనే వేరే క్లబ్ చూసుకోమని అమోరిమ్ చెప్పినట్టు వార్తలు గుప్పుమన్నాయి.

సూటిగా ఒక మాట: ప్రతిభ సంగతెలా ఉన్నా, 2024-25 లీగ్‌లో 36 మ్యాచ్‌లకి 6 గోల్స్ గొప్ప అంకె కాదు. చివరి పాస్, చివరి షాట్ దగ్గర వాడి తొందర కళ్ళకి కట్టినట్టు కనిపించేది. ఇరవై ఏళ్ళవాడికి అది తప్పా, వయసా అన్నదే అసలు తగాదా.

## ఫామ్ పడిపోతే ధర ఎలా పడిపోతుంది

2025 జనవరిలో నాపోలి తన లెఫ్ట్ వింగర్ క్వారత్స్‌ఖేలియాని పారిస్ క్లబ్ పీఎస్‌జీకి అమ్మి, ఆ ఖాళీకి గార్నాచోని అడిగింది. బేరం కుదరలేదు. అప్పటికి యునైటెడ్ చేతిలో మంచి ముక్కలే ఉన్నాయి. వాడికి 2028 వరకు ఒప్పందం ఉంది, తొందరపడి అమ్మాల్సిన పని లేదు.

ఆగస్టుకి ఆ ముక్కల్లో సగం పోయాయి. ‘నువ్వు నాకొద్దు’ అన్న సంగతి లోకమంతటికీ తెలిసిపోయింది. గార్నాచో, రాష్‌ఫర్డ్, ఆంటొనీ, సాంచో, మలాసియా, ఈ అయిదుగురినీ సన్నాహక టూర్‌కి తీసుకెళ్ళకుండా వేరేగా ట్రైన్ చేయించారు. యూరప్ పోటీలు లేవు కాబట్టి మ్యాచ్‌లు తక్కువ, అంతమంది అవసరం లేదని కొనేవాళ్ళకీ తెలుసు. పైగా గార్నాచో చెల్సీకే వెళ్తానని భీష్మించాడు. అమోరిమ్ పక్కనపెట్టాక రాష్‌ఫర్డ్ అద్దెకి ఆడిన క్లబ్ ఆస్టన్ విల్లా. జూలైలో గార్నాచో, రాష్‌ఫర్డ్ పేరున్న ఆ విల్లా చొక్కా వేసుకుని సోషల్ మీడియాలో ఫొటో పెట్టాడు. సొంత అభిమానుల్ని కావాలని గిల్లినట్టుంది అది.

కొనేవాడు ఒక్కడే, అమ్మక తప్పదు, గడువు సెప్టెంబర్ 1. సంతలో మధ్యాహ్నం దాటాక ఎద్దుని తిరిగి ఇంటికి తోలుకెళ్ళడం ఇష్టం లేని రైతు పరిస్థితి. ఆగస్టు 30న 4 కోట్లకి ముగిసింది. మళ్ళీ అమ్మితే 10 శాతం యునైటెడ్‌కి వచ్చేలా షరతు పెట్టుకున్నారని పత్రికలు రాశాయి.

## అమ్మడం సరైనదేనా?

సరైనదే అనేవాళ్ళు ఇలా అంటారు: కోచ్ పద్ధతిలో చోటు లేనివాణ్ణి బెంచ్ మీద ఉంచితే ఏటా ధర తగ్గుతుంది. డ్రెస్సింగ్ రూమ్‌లో పొసగనివాడు ఉంటే తోటి కుర్రాళ్ళ మీద కూడా ప్రభావం పడుతుంది. 4.2 లక్షలు పెట్టి తెచ్చినవాడికి 4 కోట్లు రావడం ఏ అకాడమీకైనా పండగే. పైగా యునైటెడ్ గతంలో సొంత పిల్లల్ని ఇంతకంటే చౌకగా ఇచ్చేసింది.

కాదు అనేవాళ్ళూ అదే ఉదాహరణ పట్టుకుంటారు. ఆంథొనీ ఎలాంగాని 2023లో 1.5 కోట్లకి ఫారెస్ట్‌కి ఇచ్చేశారు. రెండేళ్ళకి న్యూకాజిల్ వాణ్ణి 5 కోట్లకి పైగా పెట్టి కొంది. స్కాట్ మెక్‌టొమినేని 2024లో దాదాపు 2.5 కోట్లకి నాపోలికి అమ్మారు, అదీ ప్యూర్ ప్రాఫిటే. ఆ ఏడాదే నాపోలి ఇటలీ ఛాంపియన్ అయింది, లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు మెక్‌టొమినేకి దక్కింది. పుస్తకంలో లాభం రాసుకున్న చేత్తోనే, అలాంటివాణ్ణి బయట కొనడానికి మూడింతలు ఇవ్వాల్సి వస్తే ఆ లాభం ఎక్కడుంది? 1937 అక్టోబర్ నుంచి ఒక్క మ్యాచ్ కూడా అకాడమీ పిల్లాడు లేకుండా జట్టు ప్రకటించలేదని గొప్పగా చెప్పుకునే క్లబ్ ఇది. సొంత పిల్లల్ని అమ్మితేనే ఎక్కువ మార్కులు వేసే రూల్ ఎవరి మేలు కోసం అన్న ప్రశ్న ఇంగ్లండ్‌లో అన్ని క్లబ్బుల అభిమానులూ అడుగుతున్నదే.

నాకు అనిపించేది: 2025 ఆగస్టులో ఉన్న పరిస్థితికి 4 కోట్లు చెడ్డ ధర కాదు. ఆ పరిస్థితిని తెచ్చుకున్న తీరే చెడ్డది. కోచ్‌లు రెండు మూడేళ్ళకి మారతారు. ఒక కోచ్ పటంలో చోటు లేదన్న కారణంతో పదేళ్ళు ఆడగలవాడిని పోగొట్టుకునేటప్పుడు ఆ కోచ్ ఎన్నాళ్ళుంటాడన్న లెక్క కూడా వేయాలి.

## రూల్ మారుతోంది, తర్వాత?

2025 నవంబర్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఓటేసి పీఎస్ఆర్‌కి స్వస్తి చెప్పాయి. 2026-27 నుంచి నష్టం ఎంత అని కాకుండా, జట్టు మీద ఖర్చు ఎంత అని చూస్తారు. జీతాలు, ఏజెంట్ల ఫీజు, అమోర్టైజేషన్ కలిపి ఆదాయంలో 85 శాతం దాటకూడదు. యునైటెడ్‌లా ఓడినా ఆదాయం తగ్గని పెద్ద క్లబ్బులకి (2024-25లో దాని ఆదాయం రికార్డు స్థాయిలో 66.65 కోట్ల పౌండ్లు) ఇది ఊరటే. కానీ ఆటగాళ్ళ అమ్మకాల లాభాన్ని కొత్త లెక్కలోనూ ఆదాయం వైపే కలుపుతారు. కాబట్టి అకాడమీ కుర్రాడి మెడలో ధర చీటీ తీసేసినట్టు కాదు.

ఇక అమోరిమ్. 2026 జనవరి 5న ఆయన్నీ తీసేశారు. గార్నాచో వెళ్ళి నాలుగు నెలలు దాటింది, అంతే. సీజన్ చివరి దాకా జట్టుని మైకేల్ కారిక్ చేతికిచ్చారు. ఆగస్టులో తనకూ చోటు దొరకడం లేదని అద్దెకి పంపమని అడిగిన మైనూని కారిక్ మొదటి మ్యాచ్‌లోనే ఆడించాడు. అది జనవరి 17, మాంచెస్టర్ డెర్బీ. వెనక నలుగురు డిఫెండర్లు, ముందు ఇద్దరు వింగర్లు. యునైటెడ్ 2-0తో గెలిచింది. రెండో గోల్ కొట్టింది ప్యాట్రిక్ డోర్గు, అదీ లెఫ్ట్ వింగ్‌లో ఆడుతూ.